ఏడు పూతలు

పికప్ బానెట్‌కు చెంప ఆన్చి చూశాడు డెల్ఫీనో కింతానా. గోరువెచ్చగా ఉంది. ఇంకో రెండు నిమిషాలు మిషను ఆడించవచ్చు, ఆ తరవాత రేకును చల్లబడనివ్వాలి. వేడి చూడటానికి అందరూ చెయ్యి పెడతారు. డెల్ఫీనో తన చేతులను నమ్మడం మానేసి చాలాకాలమైంది. ముప్పై ఎనిమిదేళ్ళు గిర్రున తిరిగే పాలిషింగ్ మిషనును పట్టుకున్న వేళ్ళు అవి. చలి ఉదయాల్లో కొవ్వొత్తుల్లా తెల్లబడిపోతాయి, సూదితో పొడిచినా ఉలకవు. కాఫీ కప్పు చుట్టూ చుట్టి అరగంట కాచుకుంటే గాని వాటికి ప్రాణం రాదు. చెంప మాత్రం ఇంకా నిజమే చెబుతోంది.

"పొద్దున్నే మొదలెట్టావా పద్రీనో, ముద్దులు," అన్నాడు ఫెర్మీన్ ఆఫీసు గది గుమ్మంలోంచి. "పెళ్ళి చేసుకోమని మా నాన్న నెత్తీనోరూ కొట్టుకున్నా విన్నావు కాదు."

"పెళ్ళామైతే తిరిగి కొట్టేదిరా. ఇది కొట్టదు."

ఫెర్మీన్ ఈ షెడ్డుకు యజమాని. నలభై ఆరేళ్ళవాడు. బాప్తిస్మం నాడు అతన్ని చేతుల్లో పట్టుకున్న జ్ఞానతండ్రి డెల్ఫీనోయే, అందుకని పద్రీనో అనే పిలుస్తాడు. ఎస్పన్యోలా ఊళ్ళో నది వంతెన దాటాక వచ్చే ఈ షెడ్డును అతని తండ్రి పెట్టాడు. తండ్రి పోయాక డెంట్లు తీసేవాళ్ళు, రంగులు కొట్టేవాళ్ళు చాలామంది వచ్చారు, వెళ్ళారు. పాలిష్ పని మాత్రం ఎప్పుడూ డెల్ఫీనోదే. నోట్లో నాలుక లేని మనిషి అని అతనికి పేరు. జీతం పెంచమని అడిగిన పాపాన పోలేదు, సెలవు కావాలని అడిగిందీ లేదు. ఒకసారి ఎవరో అమ్మాయిని నాట్యానికి రమ్మని అడుగుదామనుకుని, అడిగేలోపు ఆవిడ పెళ్ళి ఊరేగింపు కారుకే పాలిష్ పెట్టాల్సి వచ్చిందని చెప్పుకుంటారు. ఆ కారు అద్దంలా మెరిసిందని కూడా చెప్పుకుంటారు.

పికప్ ఒకప్పుడు ఎర్రటిది. ఇప్పుడు గులాబీ రంగుకు దిగి, పైన సున్నం పూసినట్టు పొడి తేలింది. ఈ లోయలో ఎండ మిరపకాయల దండల్ని ఎంత ఎర్రగా ఎండబెడుతుందో, కారు రంగుల్ని అంత తెల్లగా పాలిపోయేలా చేస్తుంది. డెల్ఫీనో అంచులన్నిటికీ మాస్కింగ్ టేపు అంటించాడు. అంచుల మీదే రంగు పలచగా ఉంటుంది, మిషను ముందు అక్కడే కొరుకుతుంది. నాలుగు చోట్ల కాంపౌండు, అంటే రంగును గీకే గరుకు ముద్ద, చుక్కలుగా పెట్టి, ఉన్ని ప్యాడును వాటిమీద ఆన్చి, మీట నొక్కాడు. మోచేతులు పక్కటెముకలకు అదిమిపెట్టి, నడుంతో ఊగుతూ, ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకు. గులాబీ పొడి కింద చిక్కటి ఎరుపు నిద్రలేచి వచ్చింది.

చూసేవాళ్ళు మిషను మెరుపు తెచ్చిందనుకుంటారు. మిషను ఏదీ తెచ్చిపెట్టదని డెల్ఫీనోకు తెలుసు. పాత బండ్ల రంగు మీద కాపలాకు వేరే పూత ఉండదు. చచ్చిన పొరను గీకేస్తే కింద బతికున్న పొర కనిపిస్తుంది, మెరుపంటే అదే. గీకిన రంగంతా ప్యాడుకు ఎక్కుతుంది. ఇప్పుడు కూడా ఉన్ని నెత్తురులో ముంచినట్టు ఎర్రబడింది, అతని చొక్కామీద ఎర్రటి తుంపర పడింది. మిషను ఆపి, ప్యాడు విప్పి, ఒళ్ళో పెట్టుకుని, తల్లి ఉన్ని ఏకిన పాత దువ్వెనతో దువ్వాడు. ట్రూచాస్ కొండ మీద తాతకు గొర్రెల మంద ఉండేది. మందా పోయింది, ఇల్లూ పోయింది, ఈ దువ్వెన ఒకటి మిగిలింది.

దువ్వుతుండగా ఛాతీలో మళ్ళీ ఆ బరువు తెలిసింది. చలికాలంనుంచీ వస్తోంది, కాసేపు కూర్చుంటే పోతుంది. శాంటాఫేలో డాక్టరు రమ్మంటే, ఈస్టర్ అయ్యాక వస్తానన్నాడు. పవిత్ర వారంలో పాలిష్ పనివాడు మంచమెక్కితే ఊళ్ళో సగం కార్లు ముఖం కడుక్కోకుండా పండగ చేసుకోవాలి.

అయినా అతని మనసు పికప్ మీదా లేదు, ఛాతీ మీదా లేదు. ఇవాళ బుధవారం. పదకొండింటికి ఎర్లిండా మయెస్తాస్ వస్తుంది, లీరాయ్ కారు తీసుకుని.

ఆవిడ కొడుకు లీరాయ్ పోయి ఇరవై ఆరేళ్ళు. కొండమీద పనికని ఎవరిదో పికప్ వెనకాల ఎక్కి వెళుతూ, మలుపులో బండి బోల్తాపడి పోయాడు. ఇరవై మూడేళ్ళవాడు. ఆ ముందటి వేసవిలో తల్లి పెరట్లో నిలబడి, డెబ్బై రెండు నాటి రెండు తలుపుల చెవ్రొలే కారుకు తన చేత్తో రంగు కొట్టుకున్నాడు. ముదురు వంకాయ రంగు, ఏడు పూతలు. ప్రతి ఏటా గుడ్ ఫ్రైడే నాడు ఎర్లిండా ఆ కారును తనే నడుపుకుంటూ మలుపు దగ్గర నాటిన సిలువ దాకా వెళ్ళి వస్తుంది. బుధవారం దాన్ని డెల్ఫీనో దగ్గరకు తెస్తుంది. మిగతా ఏడాదంతా కారు ఆవిడ పెరట్లో, వంటింటి కిటికీ ఎదురుగా, ఎండలో ఉంటుంది. ఇంటి వెనక షెడ్డులో పెట్టమని డెల్ఫీనో చెవినిల్లు కట్టుకుని చెప్పాడు. చిన్నప్పుడు లీరాయ్‌కు చీకటంటే భయమట, వాడి కారును చీకట్లో పెట్టనంటుంది. ఏడాది తిరిగేసరికి వంకాయ రంగు బూడిద పట్టి వస్తుంది.

మూడేళ్ళ కిందటి బుధవారం, బానెట్ మధ్య గీత మీద ప్యాడు ఒకసారి ఎక్కువ ఊగింది. డెల్ఫీనో మిషను తీసేసరికి వెంట్రుకవాసి మందాన బూడిదరంగు చార కనిపించింది. అది లీరాయ్ రంగుకు కింద వేసిన ప్రైమర్. ఏడు పూతల్లో మిగిలింది ఉల్లిపొరంత. చార మీద వంకాయ రంగు అంటిన మైనం అద్ది కప్పేశాడు. అప్పటినుంచి లీరాయ్ కారుకు మిషను పెట్టలేదు. షెడ్డు తలుపు వారగా వేసి, మిషనును పాత టైరు మధ్యలో వెల్లకిలా ఇరికించి, మీట బిగించి ఆకాశానికేసి తిరగనిచ్చి, తను మెత్తటి గుడ్డతో, నూనె కలిపిన మైనంతో, అరచేత్తో రుద్దేవాడు. బయట బల్లమీద కూర్చున్న ఎర్లిండాకు మిషను చప్పుడు వినిపించేది. ఆ చప్పుడు ఆగిపోతే ఆవిడ కొడుకు ఇంకోసారి పోయినట్టవుతుందని అతనికి అనిపించింది. వచ్చే ఏడాది చెబుదామనుకున్నాడు, తరవాతి ఏడాదీ అదే అనుకున్నాడు.

ఇక వాయిదా వెయ్యడానికి లేదు. ఫెర్మీన్ సోమవారమే కొత్త మిషను తెచ్చి చూపించాడు.

"పిట్టంత బరువు లేదు, పద్రీనో. వచ్చే ఏడాదినుంచి లీరాయ్ కారు నేనే చేస్తాను. స్కూల్లో నా వెనకాల తిరిగి కొట్టేవాళ్ళను వాడే కదా తన్నింది. నువ్వు కూచుని పనోచా తిను."

ప్రేమతోనే అన్నాడు. ఆ ప్రేమతోనే పది నిమిషాల్లో లీరాయ్ రంగును ప్రైమర్ దాకా తినేస్తాడు. చెప్పాలి, ఇవాళే చెప్పాలి. ఆవిడ కొడుకు రంగు అయిపోయిందని ఆవిడ ముఖం మీద చెప్పాలి.

పదకొండు కొట్టకముందే కారు వచ్చింది, నడకకన్నా కాస్త వేగంగా. ఎర్లిండాకు డెబ్బై ఒకటి. స్టీరింగు పైనుంచి చూడటానికి దిండు వేసుకుంటుంది. దిగి, వెన్న డబ్బాలో తెచ్చిన పనోచాను అతని చేతిలో పెట్టింది. మొలకెత్తిన గోధుమల పిండిని పాకంతో గంటలకొద్దీ ఉడికించి చేసే ఆ తీపి ఈ వారంలోనే దొరుకుతుంది.

"చిక్కిపోయావు, డెల్ఫీనో."

"చొక్కా పెద్దదండీ."

"చొక్కాలు కుట్టేదాన్ని నేను. నాకు చెప్పకు."

ఇప్పుడే చెబుదామని నోరు తెరిచాడు. "ఎర్లిండా గారూ, ఈ కారు..." అన్నాడు. ఆవిడ తల పైకెత్తి చూసింది. "ఈ కారు లోపలికి తోస్తాను," అని ముగించాడు. ఆవిడ తలూపి, గోడవారన బల్లమీద కూర్చుని, చర్చి బలిపీఠం గుడ్డ తీసి అంచు కుట్టడం మొదలుపెట్టింది. రోడ్డు మీద గుడ్ ఫ్రైడేకు చిమాయో చర్చి చేరాలని నడిచిపోయే యాత్రికులు ఒకరిద్దరు కనిపిస్తున్నారు. దూరంనుంచి వచ్చేవాళ్ళు బుధవారమే బయలుదేరుతారు.

డెల్ఫీనో తలుపు వారగా వేశాడు. దుమ్ము కడిగి, తుడిచి, పొద్దున దువ్వి ఉంచిన వేరే తెల్లటి ప్యాడు బిగించిన మిషనును టైరులో వెల్లకిలా ఇరికించి మీట నొక్కాడు. షెడ్డంతా హోరు నిండింది. అతను గుడ్డ మడిచి, మైనం తీసుకుని, తలుపుల దగ్గరనుంచి మొదలుపెట్టాడు. ఏడెనిమిది నిమిషాలకోసారి మిషను ఆపుతాడు, ఒక రేకు అయి ఇంకో రేకుకు వెళ్ళినట్టు. మళ్ళీ వేస్తాడు. ఆ లెక్క తప్పనివ్వడు. చేత్తో రుద్దడం మిషనుకన్నా కష్టం. వెనక డిక్కీ అయ్యేసరికి చెమటపట్టి, ఎడమ భుజం రాయిలా బిగుసుకుంది. దగ్గు తెర వచ్చి కారుకు చెయ్యి ఆన్చి నిలబడ్డాడు.

తలుపు కిర్రుమంది. ఎర్లిండా లోపల నిలబడి ఉంది. ఒక చేతిలో చెంచా, ఒక చేతిలో పనోచా డబ్బా. ఆవిడ చూపు టైరు మీదికి వెళ్ళింది, గాలిలో తిరుగుతున్న తెల్లటి ఉన్ని మీదికి వెళ్ళింది, అతని చేతిలో గుడ్డ మీదికి వచ్చింది. డెల్ఫీనో దొంగలా మిషను వైపు చెయ్యి చాపాడు.

"ఆపకు," అంది ఆవిడ. "ఆపితే ఫెర్మీన్ వస్తాడు."

అతని చెయ్యి సగంలో ఆగిపోయింది.

"మూడేళ్ళనుంచీ ఉత్తదే తిప్పుతున్నావని తెలుసులే. నలభై ఒక్కేళ్ళు కుట్టుమిషను ముందు కూచున్నాను. సూదికింద గుడ్డ ఉంటే ఒక చప్పుడు, లేకపోతే ఒక చప్పుడు. నా చెవికి ఎవరూ చెప్పక్కర్లేదు."

"మరి అడగలేదేం?"

"నీ చేతులు అయిపోయాయనుకున్నా. మిషను పట్టలేక ఇలా చేస్తున్నావనుకున్నా. అడిగితే నువ్వు మళ్ళీ మొహం చూపిస్తావా? మగాళ్ళ సంగతి నాకు తెలీదా." డబ్బా మూత తీసి చెంచాతో కలిపింది. "లోపల దగ్గు వినిపించి వచ్చా. తిను."

డెల్ఫీనో తినలేదు. గుడ్డను నాలుగు మడతలు పెట్టాడు, విప్పాడు. ఇరవై ఆరేళ్ళలో ఆవిడకు తను చెప్పిన మాటలన్నీ కలిపినా ఒక పేజీ నిండదు. ఇప్పుడు చెప్పాల్సింది ఒక్క ముక్క, అదే నోరు దాటనంటోంది.

"చేతులు పోయిన మాట నిజమే," అన్నాడు చివరకు. "అందుకు కాదు. రంగు అయిపోయింది, ఎర్లిండా గారూ."

మిషను హోరులో ఆవిడకు వినిపించలేదేమో అనుకున్నాడు. వినిపించింది. ఆవిడ బానెట్ దగ్గరకు వచ్చింది. అతను ఆవిడ వేలు పట్టుకుని మధ్య గీత మీద పెట్టాడు.

"ఇక్కడ ప్రైమర్ తేలితే మైనంతో కప్పాను, చుట్టూ ఉల్లిపొరంత ఉంది. ఇంకో ఊపు ఊపితే అదీ పోతుంది. వాడు ఏడు పూతలు వేశాడు కదా."

"ఏడు. వారం రోజులు నా రొట్టెల నిండా రంగు వాసనే."

"ఆరున్నర నేనే తినేశాను. మీకు ఏటేటా మెరుపని చూపించిందంతా వాడి రంగే. కొంచెం కొంచెం గీకి గీకి మీకే చూపించాను." "నాకు ముందే తెలిసుండాలి. నా పనే అది."

ఇంత దుఃఖం ఇంత చిన్న మనిషిలో ఎక్కడ పట్టిందో అనిపించేలా ఎర్లిండా భుజాలు కదిలాయి. తరవాత చేతిగుడ్డతో ముక్కు తుడుచుకుంది.

"తెచ్చింది నేను. ఎండలో పెట్టిందీ నేను. నువ్వొక్కడివే తిన్నావని ఎందుకంటావు."

"ఇక మీ షెడ్డులో పెట్టండి. చేత్తో రుద్దితే మీ జన్మకు సరిపోతుంది."

"వాడికి చీకటంటే భయం, డెల్ఫీనో."

"ఇప్పుడు వాడికి ఏ భయమూ లేదండీ."

ఆవిడ చేతిగుడ్డ మడుచుకుంది. "తలుపు కొంచెం తీసి ఉంచుతాను," అంది. పనోచా డబ్బాను పక్కనున్న స్టూలు మీద పెట్టింది. అతని చేతిలో గుడ్డ తీసుకుని, ఎలా రుద్దాలో చూపించమంది. డెల్ఫీనో ఆవిడ చేతిమీద తన చెయ్యి పెట్టాడు. గుండ్రంగా తిప్పకూడదు, గాలి పోయే వైపే పోవాలి, ముందునుంచి వెనక్కి, నిద్రపోయే పిల్లవాడి తల నిమిరినంత బరువు చాలు. ఆవిడ వేళ్ళు అతనికి తెలియలేదు. తన వేళ్ళకు ఏదీ తెలియదు. కాని మణికట్టు దగ్గర ఆవిడ చెయ్యి వెచ్చగా ఉందని తెలిసింది.

"బానెట్ ఒక్కటే మిగిలింది," అన్నాడు. "మీరు బయట కూచోండి, అయ్యాక పిలుస్తాను."

"ఫెర్మీన్‌కు నేను చెబుతాను, తరవాత. ఇవాళ్టికి నీ మిషను తిరగనీ."

గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి చూసింది. డెల్ఫీనో స్టూలు ముందుకు లాక్కుని, డబ్బాను నేలమీద పెట్టి, బానెట్ పక్కన కూర్చుంటున్నాడు. ముఖం తేలిగ్గా ఉంది. బరువు దింపుకున్న కూలివాడి ముఖం అలాగే ఉంటుంది.

ఎర్లిండా బల్లమీద కూర్చుని మళ్ళీ సూది అందుకుంది. ఫెర్మీన్ కాఫీ తెచ్చి ఇచ్చి, షెడ్డు వైపు తలాడించాడు.

"విన్నావా పిన్నీ, ముసలాడి ఊపు. అరవై ఆరేళ్ళు. నేనైతే ఈపాటికి రెండుసార్లు కూలబడేవాణ్ణి."

"అవునవును," అంది ఎర్లిండా, నవ్వు దాచుకుని.

యాత్రికులు ఒక గుంపు వెళ్ళారు. వాళ్ళలో ఒకతను భుజాన చెక్క సిలువ మోస్తున్నాడు. గాలి లేచి రోడ్డు మీద దుమ్మును అటూ ఇటూ తోసింది. ఆవిడ బలిపీఠం గుడ్డకు ఒక అంచు పూర్తిచేసింది, రెండో అంచు మొదలుపెట్టింది. చప్పుడు ఒకే తీరుగా వస్తోంది. సూదికి దారం అయిపోయి, కొత్తది ఎక్కించబోతూ, ఆవిడ ఆగింది. ఈపాటికి రెండుసార్లు ఆగాలి మిషను. ఒక రేకు అయినట్టు ఒకసారి, కాంపౌండు పెట్టినట్టు ఒకసారి. మూడేళ్ళలో అతను ఎన్నడూ ఆ లెక్క తప్పలేదు.

దారాన్ని గుడ్డకు గుచ్చి లేచింది. పరిగెత్తలేదు. తలుపు తోసింది.

డెల్ఫీనో స్టూలు మీదే ఉన్నాడు. బానెట్ మీదకు వంగి, వేడి చూస్తున్నట్టు చెంప ఆన్చి ఉన్నాడు. కళ్ళు మూసి ఉన్నాయి. గుడ్డ చేతిలోనే ఉంది. అతని ముఖం వంకాయ రంగులో కిందనుంచి ఎదురుగా కనిపిస్తోంది. ఎర్లిండా దగ్గరకు వెళ్ళి అతని మెడమీద చెయ్యి పెట్టింది. కొంచెంసేపు అలాగే ఉంచింది. తరవాత గుమ్మంలోకి వచ్చి, ఫెర్మీన్‌ను పేరుపెట్టి పిలిచింది, ఎప్పుడూ పిలిచే గొంతుతోనే.

ఫెర్మీన్ అతన్ని కిందికి దించి, తల ఒళ్ళో పెట్టుకుని, పద్రీనో, పద్రీనో అంటూ ఛాతీ నొక్కాడు. ఫోను చేశాడు. మళ్ళీ నొక్కాడు. ఆ కంగారులో మిషను ఆపాలని ఎవరికీ తోచలేదు. చివరకు అతనే ఏడుస్తూ చెయ్యి చాపి తీగ లాగేశాడు. హోరు సన్నగిల్లి, గొంతు తగ్గి, ఆగిపోయింది. షెడ్డులో అంత నిశ్శబ్దం ఫెర్మీన్ పుట్టి ఎరగడు.

అంబులెన్సు రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ లోపల ఎర్లిండా డెల్ఫీనో వేళ్ళలోంచి గుడ్డ మెల్లగా తీసుకుంది. బానెట్ అంతా అయిపోయింది, మధ్య గీత పక్కన బెత్తెడు చోటు తప్ప. అతని చెంప ఆనిన చోటు అది. ఆవిడ కళ్ళనీళ్ళు కారుమీద పడకుండా తల పక్కకు తిప్పుకుని, ముందునుంచి వెనక్కి రుద్దింది.

"పిన్నీ, అదిప్పుడెందుకు," అన్నాడు ఫెర్మీన్ నేలమీదనుంచి. "తరవాత నేను మిషనుతో చేసిస్తాను."

"ఈ కారుకు ఇక మిషను వద్దు, నాయనా. ఇంకెప్పుడూ వద్దు."

అతనికి అర్థంకాక, ఎందుకని అడగడానికి తల ఎత్తాడు. అప్పుడు కనిపించింది టైరు మధ్యలో వెల్లకిలా పడుకున్న మిషను, దానికి బిగించిన ఉన్ని ప్యాడు. డెల్ఫీనో తన తల్లి దువ్వెనతో పొద్దున దువ్విన పోగులు పోగులుగానే ఉన్నాయి, ఎక్కడా వంకాయ రంగు చుక్క ఒక్కటి లేకుండా, తెల్లగా.